ట్రాన్సిస్టర్ లేని రిమోటూ, మన ఈసీఈ చదువూ

ఒక విషయం సూటిగా చెప్పేస్తాను. ఈసీఈ ఫైనలియర్లో ఐఆర్ రిమోట్ ప్రాజెక్టు పట్టుకొచ్చిన కుర్రాణ్ణి "ఆ ఎల్ఈడీలో ఎంత కరెంటు పోతోంది నాయనా?" అని అడగాలి. అంకె చెప్పి, ఆ అంకె ఎలా వచ్చిందో కాగితమ్మీద చూపిస్తేనే ప్రాజెక్టు పాస్ చెయ్యాలి. చూపించలేకపోతే వారం గడువిచ్చి వెనక్కి పంపాలి. ఇదీ నా అభిప్రాయం. కొంచెం కఠినంగానే ఉంది, తెలుసు. పది రూపాయల సర్క్యూట్ గురించి ఇంత పట్టుదలెందుకో ఈ టపాలో చెప్తాను.

ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్లోకి వచ్చినవాళ్ళు ఏ ఆఫీసులో చూసినా ప్రతి వరసలో ఒకరిద్దరు తగుల్తారు. నేనూ ఆ జాతే. మన దగ్గర "డ్రైవర్" అంటే ఇన్‌స్టాల్ చేసుకునే సరుకు. ప్రింటర్‌కి డ్రైవర్, డేటాబేస్‌కి డ్రైవర్. అదే మాటకి హార్డ్‌వేర్‌లో ఇంకో అర్థం ఉంది. మేస్త్రీ వేలు చూపిస్తాడు, ఇటుకలు మోసేది కూలీలు. మైక్రోకంట్రోలర్ పిన్ను మేస్త్రీ లాంటిది. అది "ఇప్పుడు వెలుగు, ఇప్పుడు ఆరిపో" అని మాత్రమే చెప్పగలదు. నిజంగా కరెంటు మోసే ట్రాన్సిస్టర్నే డ్రైవర్ అంటారు. ఈ రోజుల్లో స్టూడెంట్ ప్రాజెక్టుల్లో చాలాసార్లు కనపడకుండా పోయేది సరిగ్గా ఈ కూలీయే.

మామూలుగా గీసే బొమ్మ ఇలా ఉంటుంది. బోర్డు పిన్ను, దానికి 220 ఓముల రెసిస్టర్, దానికి ఐఆర్ ఎల్ఈడీ, అక్కణ్ణించి గ్రౌండ్. అంతే. మామూలు ఎర్ర ఎల్ఈడీకి ఇది చాలు, ఎందుకంటే దాన్ని మన కన్ను చూస్తుంది. రిమోట్ కాంతిని చూడాల్సింది మాత్రం నాలుగు మీటర్ల అవతల, ట్యూబులైటు వెలుగులో, కిటికీలోంచి పడే ఎండలో కూర్చున్న చిన్న రిసీవర్.

కొంచెం చరిత్ర చెప్తే ఈ ఇబ్బంది ఎంత పాతదో అర్థమవుతుంది. 1955లో అమెరికాలో జెనిత్ కంపెనీ ఫ్లాష్-మాటిక్ అని తీగ లేని టీవీ రిమోట్ ఒకటి తెచ్చింది. చేసినాయన యూజీన్ పోలీ. అదొక టార్చిలైటు లాంటిది, టీవీ తెర నాలుగు మూలల్లో నాలుగు ఫోటోసెల్స్. ఏ మూల మీద వెలుగు పడితే ఆ పని జరుగుతుంది. చిక్కెక్కడంటే, ఎండ పడినా జరుగుతుంది! మర్సటేడే, అంటే 1956లో, అదే కంపెనీలో రాబర్ట్ ఆడ్లర్ కాంతి వదిలేసి అల్ట్రాసౌండ్ పట్టుకున్నాడు. మళ్ళీ కాంతి దగ్గరికి, ఈసారి కంటికి కనపడని పరారుణ కాంతి దగ్గరికి రావడానికి రెండు దశాబ్దాల పైనే పట్టింది.

ఎండ సమస్యకి దొరికిన జవాబే క్యారియర్. ఎల్ఈడీని ఊరికే వెలిగించకుండా సెకనుకి 38 వేల సార్లు ఆర్పి వెలిగిస్తారు. రిసీవర్ ఆ 38 కిలోహెర్ట్జ్ తాళాన్ని మాత్రమే పట్టించుకుని, నిలకడగా పడే ఎండని వదిలేస్తుంది. మన ల్యాబుల్లో అందరం చూసిన మూడు కాళ్ళ టీఎస్ఓపీ 1738 చేసే పని ఇదే. ఆ పాత మోడల్ తయారీ ఆగిపోయి చాలా కాలమైంది, ఇప్పుడు దాని తమ్ముళ్ళు వస్తున్నాయి. దుకాణాల్లో మాత్రం ఇంకా ఆ పేరే నడుస్తోంది.

సరే, అసలు విషయానికొద్దాం.

మాది పుత్తూరు. పేరు చెప్పగానే అవతలివాళ్ళు "ఎముకల కట్టా?" అంటారు. పోయినేడు మా అవ్వకే ఆ అవసరమొచ్చింది. కాలికి కట్టు కట్టించుకుని వారాల తరబడి మంచమ్మీదే ఉంది. ఆమెకి టీవీ రిమోట్ మీద ఉండే చిన్న చిన్న బటన్లు కనపడవు. ఏ బటన్ నొక్కుతుందో ఆమెకే తెలీదు, ఇన్‌పుట్ మారిపోయి తెర నల్లబడితే ఇంట్లో ఎవరో ఒకరు పరిగెత్తాలి. మా చిన్నాయన కొడుకు ఈసీఈ ఫైనలియర్. వాడికి బుర్రలో మంచి ఆలోచనే తట్టింది. నాలుగు పెద్ద బటన్లు: టీవీ, సౌండ్ ఎక్కువ, సౌండ్ తక్కువ, ఫ్యాన్. ఫ్యాన్ కూడా రిమోట్‌తో పనిచేసే రకమే. మంచం కోడుకి కట్టేస్తే అవ్వ తడుముకుని నొక్కుకోవచ్చు. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు కాదు, సొంత ప్రాజెక్టు. నాకు భలే ముచ్చటేసింది.

ఈఎస్‌పీ8266 బోర్డు, పాత ఫోన్ ఛార్జర్, ఒక ఐఆర్ ఎల్ఈడీ. పాత రిమోట్ల కోడ్లు రిసీవర్‌తో పట్టేశాడు, లైబ్రరీ పెట్టి తిరిగి పంపించాడు. టేబుల్ మీద దివ్యంగా పనిచేసింది. మంచానికి కట్టాక కదల్లేదు.

ఫోన్ చేశాడు. "అనా, టీవీ ముందర కూసుంటే పనిజేస్తా ఉండాది. అవ్వ మంచం కాణ్ణించి పోలేదునా. లైబ్రరీలో ఏదో బగ్గుండాది."

రెండ్రోజులు వాడు కోడ్‌లోనే వెతికాడట. లైబ్రరీ మార్చాడు, డిలేలు మార్చాడు, కోడ్లు మళ్ళీ పట్టాడు. "ఎల్ఈడీకి ఎంత కరెంటు ఇస్తా ఉండావురా?" అనడిగితే, అవతలి పక్క కాసేపు నిశ్శబ్దం. "మూడు పాయింట్ మూడు వోల్ట్‌లునా" అన్నాడు. నేనడిగింది ఆంపియర్లు, వాడు చెప్పింది వోల్ట్‌లు.

వాణ్ణి తప్పుబట్టలేం. ప్రాజెక్టు రివ్యూలో వాణ్ణి అడిగిన ప్రశ్నలు చెప్పాడు: ఏ ప్రోటోకాల్? అప్లికేషన్స్ ఏమిటి? అడ్వాంటేజెస్ ఏమిటి? ఫ్యూచర్ స్కోప్ ఏమిటి? నాలుగింటికీ గడగడా చెప్పాడు, మంచి మార్కులేశారు. కరెంటు గురించి ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. భయపడకండి, ఇంటర్ ఫస్టియర్ స్థాయి దాటదు :)

ఐఆర్ ఎల్ఈడీ మీద పడే వోల్టేజీ తక్కువ కరెంటు దగ్గర సుమారు 1.2 వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర దాదాపు 1.4. వాడి సర్క్యూట్లో పిన్ను ఇచ్చేది 3.3. అందులో 1.2 తీసేస్తే 2.1. దాన్ని 220తో భాగిస్తే సుమారు 9.5 మిల్లీ ఆంపియర్లు. పోనీ రెసిస్టర్ తగ్గిద్దామంటే కుదరదు. ఈఎస్‌పీ8266 పిన్ను హద్దు 12 మిల్లీ ఆంపియర్లు. ఆర్డుయినో ఊనో అయితే కొంచెం నయం. అందులోని చిప్ పిన్నుకి 40 దాటితే ప్రమాదం, 20 దగ్గర ఆపడం మంచిది. ఎలా చూసినా పిన్ను నుంచి పిండుకోగలిగేది ఇంతే.

ఇక ఐఆర్ ఎల్ఈడీ ఎంత తీసుకోగలదు? విషే కంపెనీ టీఎస్ఏఎల్6200 డేటాషీట్ తీస్తే, నిరంతరంగా 100 మిల్లీ ఆంపియర్లు, చిన్న పల్సుల్లో అయితే 200 దాకా అని ఉంటుంది. అంటే వందకి సిద్ధంగా ఉన్నదానికి మనం పది కూడా ఇవ్వట్లేదు. ఎద్దుని కట్టాల్సిన బండికి మేకపిల్లని కట్టినట్టు.

కూలీని పెడితే ఇలా మారుతుంది. ఒక 2ఎన్2222 ట్రాన్సిస్టర్. ఎమిటర్ గ్రౌండ్‌కి. ఛార్జర్ 5 వోల్టుల నుంచి రెండు ఐఆర్ ఎల్ఈడీలు వరసగా, ఆ తర్వాత ఒక రెసిస్టర్, అక్కణ్ణించి కలెక్టర్. పిన్ను నుంచి ఇంకో రెసిస్టర్ బేస్‌కి. మొత్తం సరుకు ఇంతే.

కలెక్టర్ వైపు: 5 లోంచి రెండు ఎల్ఈడీల 2.8, ట్రాన్సిస్టర్ మీద మిగిలే 0.2 తీసేస్తే 2. మనకి కావాల్సింది 100 మిల్లీ ఆంపియర్లు, కాబట్టి 20 ఓములు. బజార్లో దొరికేది 22. అప్పుడు కరెంటు 91.

బేస్ వైపు: ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకోవాలంటే, అంటే శాచురేషన్‌లోకి పోవాలంటే, కలెక్టర్ కరెంటులో పదో వంతుకి దగ్గరగా బేస్‌కి ఇవ్వాలి. డేటాషీట్లో హెచ్‌ఎఫ్ఈ 100 అని ఉంది కదా, వందో వంతు చాలదా అంటే చాలదు. ఆ వంద అనేది ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌గా పనిచేసేటప్పటి మాట. స్విచ్‌గా వాడేటప్పుడు కాదు. 330 ఓములు పెడితే, 3.3 లోంచి 0.8 తీసి భాగిస్తే 7.6 మిల్లీ ఆంపియర్లు. పిన్ను హద్దు 12 లోపే ఉన్నాం. పన్నెండింతల పని చేయిస్తున్నాం. సరిపోయింది.

రెండు ఎల్ఈడీలు ఎందుకంటారా? ఒక్కటే పెడితే 33 ఓముల రెసిస్టర్ కావాలి, మిగిలిన వోల్టేజీ అంతా అందులో వేడైపోతుంది. అదే వోల్టేజీతో రెండో ఎల్ఈడీని వెలిగించుకుంటే దాదాపు అంతే కరెంటుకి వెలుగు రెట్టింపు. ఊరికే పోయేదాన్ని పనికి పెట్టుకోవడమన్నమాట.

ఇప్పుడు దూరం సంగతి. కాంతి దూరం పోయేకొద్దీ వర్గానికి తగ్గుతుందని స్కూల్లోనే చదివాం. అంటే నాలుగింతలు వెలుగు పెంచితే దూరం రెండింతలే పెరుగుతుంది. 9.5 నుంచి 91కి పోతే కరెంటు తొమ్మిదిన్నర రెట్లు, రెండు ఎల్ఈడీలతో వెలుగు పందొమ్మిది రెట్లు. దాని వర్గమూలం 4.4. వాడికి అంతకుముందు ఒకటిన్నర మీటర్లు అందేది. కొత్త లెక్క ప్రకారం ఆరున్నర. అవ్వ మంచం నుంచి టీవీ నాలుగు మీటర్లు. ఈ లెక్క ముందే వేసుంటే ఆ రెండ్రోజులు కోడ్‌తో కుస్తీ పట్టే పనే లేదు. సాయంత్రం బజారుకి పోయి ట్రాన్సిస్టరూ, రెసిస్టర్లూ తెచ్చి తగిలించాడు. పనిచేసింది. అవ్వ వార్తలు చూసుకుంటా ఉంది.

"పనిచేసింది కదా, ఇంకేంటి నీ బాధ?" అంటారేమో. నా బాధంతా టేబుల్ మీద పనిచెయ్యడం గురించే. టేబుల్ మీద ఏ సర్క్యూటైనా పనిచేస్తుంది. తప్పు సర్క్యూట్ కూడా మీటరు దూరంలో దర్జాగా పనిచేసి, రివ్యూలో మార్కులు కూడా తెచ్చిపెడుతుంది. సాఫ్ట్‌వేర్లో "నా మెషిన్లో రన్ అవుతోందే" అనే జబ్బుకి ఇది పెద్దన్న. మన దగ్గర లోడ్ టెస్ట్ చెయ్యకుండా ప్రొడక్షన్‌కి పంపితే మేనేజర్ ఊరుకుంటాడా? మరి ఎల్ఈడీ కరెంటు లెక్కెయ్యని ప్రాజెక్టుకి "ఎక్సెలెంట్" ఎలా వేస్తున్నారు?

ఇంకా విచిత్రమేమిటంటే, ఇది సిలబస్‌లో లేని విషయం కాదు. ఈడీసీ ల్యాబ్ గుర్తుందా? సీఈ కారెక్టరిస్టిక్స్. బీసీ107 పెట్టి, మిల్లీ అమ్మీటర్ రీడింగులు రాసుకుని, గ్రాఫు షీటు మీద కట్ ఆఫ్, యాక్టివ్, శాచురేషన్ అని మూడు భాగాలు గీసి, గీతలు నున్నగా రాలేదని మళ్ళీ గీయించుకున్న రోజులు. రికార్డు సంతకాలకి క్యూలు కట్టాం. ఆ శాచురేషన్ దేనికి పనికొస్తుందో చూపించే అతి చవకైన, అతి సరదా ప్రయోగం ఈ రిమోట్. గ్రాఫు సెకండియర్లో ఉంటుంది, రిమోట్ ఫైనలియర్లో ఉంటుంది. మధ్యలో వంతెన కట్టేవాళ్ళు మాత్రం లేరు.

డ్రైవర్ పెట్టినంత మాత్రాన లెక్క తప్పిపోయే చోట్లు లేవని కాదు. మూడు చెప్తాను, మూడూ మళ్ళీ లెక్కే.

ఒకటి మాస్‌ఫెట్. బజార్లో ఐఆర్ఎఫ్540 సులువుగా దొరుకుతుంది, పెద్ద కరెంటు మోస్తుందని పేరు. దాని త్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు అని చూసి "మన 3.3 సరిపోతుంది" అనుకుంటారు. త్రెషోల్డ్ అంటే తలుపు గడియ తీసిన చోటు, బార్లా తెరిచిన చోటు కాదు. అది పూర్తిగా తెరుచుకోవడానికి గేట్ మీద 10 వోల్టులు కావాలి. 3.3 పిన్నుతో ఒక ముక్క పనిచేస్తుంది, అదే పేరున్న ఇంకో ముక్క పనిచెయ్యదు.

రెండోది 555. హాన్స్ కామెంజిండ్ 1971లో డిజైన్ చేసిన ఈ టైమర్ ఐసీతో 38 కిలోహెర్ట్జ్ పుట్టించే సర్క్యూట్లు ఎలక్ట్రానిక్స్ పుస్తకాల్లో తరతరాలుగా వస్తున్నాయి. దాని మామూలు ఆస్టేబుల్ కనెక్షన్‌లో అవుట్‌పుట్ సగం కంటే ఎక్కువసేపు ఆన్‌లోనే ఉంటుంది. రిమోట్‌కి మూడో వంతు చాలు. ఎక్కువసేపు ఆన్‌లో ఉంచినందువల్ల దూరమేమీ పెద్దగా పెరగదు, బ్యాటరీ మాత్రం ఖర్చవుతుంది. ఇంకో మాట, కెపాసిటర్ విలువ పది శాతం అటూ ఇటూ అయితే 38 కాస్తా 34 అవుతుంది, రిసీవర్ ముఖం తిప్పేసుకుంటుంది.

మూడోది కెపాసిటర్. "ఎల్ఈడీ పక్కన 100 మైక్రోఫారడ్ పెడితే పల్సు కరెంటు అదే చూసుకుంటుంది" అని చెప్తుంటారు. సగం నిజం. 38 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో పల్సు ఆన్ ఉండేది సుమారు 8.8 మైక్రోసెకన్లు. 91 మిల్లీ ఆంపియర్లు అంతసేపు లాగితే కెపాసిటర్ మీద 8 మిల్లీవోల్టులు తగ్గుతుంది, లెక్కలోకి రాదు. కానీ ఎన్ఈసీ ప్రోటోకాల్ మొదట్లో వచ్చే 9 మిల్లీసెకన్ల లీడర్ మొత్తాన్ని అదొక్కటే మోయాలంటే దాదాపు 2.7 వోల్టులు పడిపోతుంది. అంటే కెపాసిటర్ పల్సుల ఎగుడుదిగుళ్ళని సర్దగలదు, బలహీనమైన సప్లయిని బలమైనదిగా మార్చలేదు. రెండు గుణకారాలతో తేలే విషయమిది.

బ్యాటరీ రిమోట్ల రహస్యం కూడా ఇక్కడే ఉంది. 91 మిల్లీ ఆంపియర్లంటే రెండు పెన్సిల్ సెల్స్ వారంలో అయిపోవా? అవవు. క్యారియర్ ఆన్‌లో ఉండేది మూడో వంతు, అంటే సగటు 30. ఎన్ఈసీ ఫ్రేమ్‌లో 9 మిల్లీసెకన్ల లీడరు, 560 మైక్రోసెకన్ల మార్కులు 33, అన్నీ కలిపితే 27.5 మిల్లీసెకన్లు. అది 110 మిల్లీసెకన్ల వ్యవధిలో పావు వంతు. చివరి సగటు 7.6 మిల్లీ ఆంపియర్లు, అదీ ఆ ఒక్క ఫ్రేము వెళ్ళేటప్పుడే. నొక్కి పట్టుకుంటే వెళ్ళే రిపీట్ కోడ్ ఇంకా చిన్నది. శిఖరం ఎత్తుగా, సగటు తక్కువగా ఉండేలా చూసుకోవడంలోనే ఉంది ఈ డిజైన్ అందమంతా. ఊరికే మల్టీమీటర్ పెట్టి చూస్తే ఈ శిఖరం కనపడదు, సగటే కనపడుతుంది. వరసలో ఒక ఓము రెసిస్టర్ పెట్టి స్కోప్‌లో చూస్తే 91 మిల్లీవోల్టుల మెట్లు కళ్ళముందు కనపడతాయి.

200 కాకుండా 91 దగ్గరే ఎందుకు ఆగామో కూడా చెప్పాలి. ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా నచ్చే కారణం. కోడ్ హ్యాంగయ్యి పిన్ను ఆన్‌లోనే ఉండిపోయిందనుకోండి. 91 అంటే నిరంతర హద్దు 100 లోపే. రెసిస్టర్లో వేడి 0.18 వాట్లు, పావు వాటు రెసిస్టర్ తట్టుకుంటుంది. అంటే మన బగ్గు ఎల్ఈడీని చంపదు. పల్సుల్ని నమ్ముకుని చాలా ఎక్కువ కరెంటుకి డిజైన్ చేస్తే ఒక్క హ్యాంగుతో ఎల్ఈడీ మాడిపోతుంది. పైగా ఆ 100 అనేది 25 డిగ్రీల దగ్గర మాట, వేడి పెరిగేకొద్దీ హద్దు దిగొస్తుంది. మే నెలలో మా పుత్తూరొచ్చి చూడండి, 25 డిగ్రీలు ఎక్కడైనా కనపడతాయేమో :)

ఇక ఎదురుప్రశ్నలు.

"రెడీమేడ్ మాడ్యూల్ కొంటే పోలా?" కొనండి. కానీ చవకగా దొరికే చాలా ఐఆర్ ట్రాన్స్‌మిటర్ మాడ్యూళ్ళని తిప్పి చూడండి. ఒక ఎల్ఈడీ, మూడు పిన్నులు, అంతే. ట్రాన్సిస్టర్ ఉండదు. మాడ్యూల్ అన్న పేరుంటే లోపల డ్రైవర్ ఉన్నట్టు కాదు. ఉందో లేదో తెలియాలంటే మళ్ళీ ఈ చదువే కావాలి.

"ఈ వైఫై కాలంలో ఐఆర్ ఎందుకు?" ఇదీ మంచి ప్రశ్నే. శాంసంగ్ గెలాక్సీ ఎస్4లో 2013లో పెట్టిన ఐఆర్‌ని 2016లో ఎస్7 నాటికి తీసేసింది. షావోమీ మాత్రం చాలా ఫోన్లలో ఇప్పటికీ కొనసాగిస్తోంది. ఆండ్రాయిడ్ 4.4 నుంచి దీనికో ఏపీఐ కూడా ఉంది. క్యారియర్ ఎంత, ఆన్ ఆఫ్ వరస ఎంత అని రెండే ఇస్తాం. అంత చిన్న ఏపీఐ ఉండటానికి కారణం, అవతల నెట్‌వర్కూ, లాగినూ, సర్వరూ ఏవీ లేకపోవడమే. 2016లో రివాల్వ్ అనే హోమ్ హబ్ సర్వర్లు ఆపేస్తే కొన్నవాళ్ళ చేతిలో డబ్బా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు ఉన్నట్టుండి ఆగిపోతే ఇళ్ళలో లైట్లు యాప్ మాట వినడం మానేశాయి. ఐఆర్ రిమోట్‌కి ఆ గండం లేదు. ఇంకోటి గమనించారా, ఏసీ రిమోట్లు చాలావరకు "ఒక డిగ్రీ పెంచు" అని పంపవు. "24 డిగ్రీలు, కూల్, ఫ్యాన్ మధ్యస్తం" అని మొత్తం స్థితిని ప్రతిసారీ పంపుతాయి. ఒక సిగ్నల్ పోయినా తర్వాతి నొక్కుతో అంతా సర్దుకుంటుంది. మనం ఏపీఐ డిజైన్ పాఠాల్లో ఐడెంపొటెంట్ అని గొప్పగా చెప్పుకునేది వాళ్ళు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చారు.

"ఈ కాలంలో ట్రాన్సిస్టర్ లెక్కతో ఉద్యోగాలొస్తాయా?" దీనికి మా ప్రాంతమే జవాబు చెప్పాలి. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది. 2018లో తిరుపతిలో డిక్సన్ కంపెనీ షావోమీ టీవీలు చెయ్యడం మొదలైంది. 2023లో శ్రీసిటీలోనే బ్లూస్టార్, డైకిన్ ఏసీల ఫ్యాక్టరీలు వచ్చాయి. ఫోన్లు, టీవీలు, ఏసీలు. ఐఆర్‌తో పనిపడే సరుకంతా మా ఊరికి ఒకటి రెండు గంటల ప్రయాణంలో తయారవుతోంది. అదే దారిలో బోలెడన్ని ఇంజినీరింగ్ కాలేజీలు. ఆ కాలేజీల్లో ఈసీఈ చదివిన పిల్లలు ఆ ఫ్యాక్టరీల్లోకి లైన్ మీద స్క్రూలు బిగించడానికి వెళ్తారా, టెస్టింగ్‌కీ డిజైన్‌కీ వెళ్తారా? రిజెక్టయిన రిమోట్ని చేతిలో పెట్టి "ఎందుకు పనిచెయ్యట్లేదో చెప్పు" అంటే, ప్రోటోకాల్ పేరు చెప్పేవాడికీ, స్కోప్ పెట్టి పల్సు ఎత్తు కొలిచేవాడికీ ఒకే జీతం ఇవ్వరు. అసెంబ్లీ మన ఊరికొచ్చింది. డిజైన్ కూడా రావాలంటే లెక్కెయ్యగల పిల్లలు ఇక్కడుండాలి.

పోనీ అందరూ సాఫ్ట్‌వేర్లోకే వస్తారనుకుందాం. అప్పుడైనా ఈ లెక్క దండగ కాదు. ఒక భాగం ఎంత బరువు మొయ్యగలదో ముందే అడగడం, టేబుల్ మీద కాకుండా వాడే చోట పరీక్షించడం, సగటు చూసి శిఖరాన్ని మర్చిపోకుండా ఉండటం. సర్వర్ కెపాసిటీ ప్లానింగ్ అని పేరు మార్చి మనం చేసేది ఇదే కదా.

నేను కోరేది సిలబస్ మార్చమని కాదు. దానికి కమిటీలూ అవీ కావాలి. ఒక్క ల్యాబ్ పీరియడ్ చాలు. పిన్నుకి నేరుగా తగిలించిన ఎల్ఈడీతో ఎంత దూరం అందిందో కారిడార్లో టేపు పెట్టి కొలవండి. ట్రాన్సిస్టర్ పెట్టి మళ్ళీ కొలవండి. రెండు అంకెల నిష్పత్తి కరెంట్ల వర్గమూలానికి దగ్గరగా వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఎందుకు రాలేదో పిల్లల్నే వెతకమనండి. ఎల్ఈడీ వంకరగా ఉందా, కారిడార్ గోడల మీద పడి తిరిగొస్తోందా, రిసీవర్ మీద ఎండ పడుతోందా? ఆ వెతుకులాటే ఇంజినీరింగ్. వెలుగు కనపడట్లేదంటే ఫోన్ కెమెరాలోంచి చూడమనండి, చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క కనపడుతుంది.

సరుకు కూడా పెద్ద సమస్య కాదు. పుత్తూరులో దొరక్కపోతే తిరుపతి, అక్కడా దొరక్కపోతే పొద్దున రైలెక్కితే చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కి పోయి సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యొచ్చు. హైదరాబాదు వాళ్ళకి కోఠీలో గుజరాతీ గల్లీ, బెంగళూరు వాళ్ళకి ఎస్‌పీ రోడ్డు ఎలాగూ ఉన్నాయి. క్లాసు మొత్తానికీ సరిపడా ట్రాన్సిస్టర్లు మనం వీకెండ్‌లో తాగే రెండు కాఫీల ఖరీదు దాటవు.

చివరిగా మనకే ఒక మాట. చదివిన కాలేజీ వాళ్ళు అప్పుడప్పుడూ పిలుస్తుంటారు, "బాబూ, మన పిల్లలకి ఇండస్ట్రీ గురించి రెండు ముక్కలు చెప్పు" అని. వెళ్ళి క్లౌడు, ఏఐ, ప్యాకేజీలు అని గంటసేపు స్లైడ్లు చూపించి శాలువా కప్పించుకుని వచ్చేస్తాం. ఈసారి పిలిచినప్పుడు స్లైడ్లు సగం తగ్గించండి. జేబులో పది 2ఎన్2222లు, పది 22 ఓముల రెసిస్టర్లు, పది 330లు వేసుకెళ్ళండి. ప్రాజెక్టు టేబుళ్ళ దగ్గర ఆగి, రిమోట్ చేతిలో ఉన్న ప్రతి పిల్లాణ్ణీ, పిల్లనీ ఆ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు రాకపోతే కోప్పడకండి. ఒక కాగితం, ఒక ట్రాన్సిస్టర్ చేతిలో పెట్టి, పక్కన కూర్చుని లెక్క మొదలుపెట్టించండి.